ఎలీసమ్మ ఫోనుకి వచ్చే అంకెలు

పోయిన వారం కథ ఒక కాగితం దగ్గర ఆగింది. చదవనివాళ్లకు ఆ కాగితం సంగతి ముందు చెప్పాలి.

కలకత్తా వైపు మా రైల్వే ఊళ్లో, ఝపటాపూర్‌లో, మా చర్చి సంఘం వాళ్ల ఆసుపత్రి ఉంది. ముప్పై మంచాలు. నా భార్య ఎలీసమ్మ అక్కడ ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. చివరి పన్నెండేళ్లు పెద్ద నర్సు. ఆమె పోయి పంతొమ్మిది నెలలు. మా కూతురి కూతురు జెనీ ఇప్పుడు అక్కడే నర్సు. గురువారం మధ్యాహ్నం జెనీ ఎబినేజర్ అనే రోగికి సూది వేసింది. ఆ మందు ఆయనకు పడదు. పడదని కంప్యూటర్లో ఆయన పేరు కింద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. జెనీ చూసే వేళకు ఆ ఎర్ర వరస లేదు. ఎబినేజర్ మొహం వాచి, ఊపిరి అందక, కలకత్తా పెద్దాసుపత్రికి వెళ్లాడు. బతికాడు, అంతవరకు దేవుడి దయ. ఆ వరస చెరిపింది ఎవరని ఆసుపత్రి కమిటీ అడిగింది. కంప్యూటర్ల కాపలా చూసే వినీత వెతికి ఒక కాగితం తీసింది. గురువారం, ఒంటిగంటా యాభై నిమిషాలు. చెరిపినవారు: ఎలీసమ్మ.

పోయిన వారం అక్కడ ఆగాం.

శనివారం పొద్దున పది గంటలకు వినీత తాల్‌బగీచాలో మా ఇంటికి వచ్చింది. వెనక జెనీ. ఇద్దరి మొహాల్లోనూ నిద్ర లేదు. కూర్చోమన్నాను. వినీత కూర్చోకుండానే మొదలుపెట్టింది. నా పేరు అడిగింది. ఎలీసమ్మకు నేనేమవుతానో అడిగింది. ఈ పిల్ల ఖరిదా బజారులో వాళ్ల నాన్న కొండలరావు కొట్టు మీద చాక్లెట్టు కోసం ఏడ్చిన రోజుల నుంచి నాకు తెలుసు. నేనూ తనకు తెలుసు. అయినా అడిగింది. ఈ మూడు రోజుల్లో ఇది నాలుగోసారి.

నాకు ఒకే మాట రెండుసార్లు చెప్పడం చికాకు. అసలు ఒకసారి చెప్పడమే ఎక్కువ. ఈ పిల్ల వచ్చాక ఆసుపత్రిలో నా పేరు నేను చెప్పుకున్నన్నిసార్లు నా పెళ్లినాడు కూడా చెప్పుకోలేదు.

నేనొక్కణ్నే కాదు, ఊరంతా విసిగిపోయింది. ఏడాది కిందట ఎక్స్‌రే గది కంప్యూటర్లో ఎవరో ఒక దొంగ ఉత్తరం తెరిచారట. ఆ ఒక్క గదిలోంచి దొంగ అన్ని గదుల్లోకీ నడిచి రోగుల కాగితాలన్నిటికీ తాళం వేశాడు. మూడు రోజులు ఎవరికి ఏ మందో తెలియలేదు. అప్పుడు కమిటీ వాళ్లు కొండలరావు కూతురు కలకత్తాలో ఇదే పని చేస్తుందని పిలిపించారు. వినీత ఎనిమిది నెలల కిందట కొత్త ఏర్పాటు పెట్టింది. దాన్ని జీరో ట్రస్ట్ అంటారు. పాతరోజుల్లో గేటు దాటితే ఇల్లంతా మనదే. ఇప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా నువ్వెవరని అడుగుతుంది. నిన్న అడిగాం కదా అని ఇవాళ మానదు. నర్సుకు తన వార్డు తప్ప పక్క వార్డు కనిపించదు. డాక్టరుగారు కూడా కంప్యూటరు ముందు నిలబడి ఫోను తడుముకోవాల్సిందే. బజారులో కొండలరావును ఏడిపిస్తున్నారు, నీ కూతురు దేవుడొచ్చినా ఓటీపీ అడుగుతుందని. ఆయన పాపం బెల్లం తూస్తూ తల దించుకుంటున్నాడు.

వినీత నాలుగోసారి అడగాల్సినవన్నీ అడిగి, ఈసారి కొత్త మాట ఒకటి అడిగింది.

"ఎలీసమ్మగారి ఫోను ఎక్కడుంది తాతగారూ?"

"గూట్లో. ఛార్జింగు పెట్టినాను."

"ఆవిడ లేరు గదా. ఛార్జింగు ఎందుకండి?"

"అడుగుతారు గదా."

ఆమె గూటి వైపు చూసింది. తరవాత చేతిసంచీలోంచి కంప్యూటరు తీసి నా మంచం మీద పెట్టి ఏదో కొట్టింది. గూట్లో ఫోను చిన్నగా మోగింది. ఆ చప్పుడు నాకు అలవాటు. లేచి, కళ్లజోడు పెట్టుకొని, ఫోను చేతిలోకి తీసుకొని చదివాను.

"నాలుగు, సున్నా, ఏడు, ఏడు, రెండు, తొమ్మిది."

అప్పుడు నాకు తోచింది, నన్ను ఎవరూ చదవమని అనలేదు.

వినీత ఆ అంకెలు కొట్టింది. ఆమె కంప్యూటర్లో ఆసుపత్రి గుర్తు వచ్చింది. దాని కింద నా భార్య పేరు, చక్కగా, బతికున్న మనిషి పేరులాగా. గుమ్మం దగ్గర నిలబడ్డ జెనీ అక్కడే కింద కూర్చుండిపోయింది.

"తాతా, ఈవిడ ముందు నువ్వేటి సేసినావో తెలస్తందా?"

"నంబరు సెప్పినాను."

"ఇలా ఎన్నిసార్లు సెప్పినారు?" అంది వినీత.

లెక్క పెట్టలేదన్నాను. తనకు లెక్క తెలుసంది. ఆరు వందల పద్నాలుగు సార్లు. ఏడు కంప్యూటర్ల నుంచి. కోపాన్ని పళ్ల మధ్య పట్టుకొని మాట్లాడుతోంది ఆ పిల్ల.

"ప్రతిసారీ నువ్వు ఎలీసమ్మవేనా అని అడిగినాం. ప్రతిసారీ అవునని జవాబొచ్చింది. ఒక్కటి కూడా తప్పుపోలేదు. మా కంపెనీలో మీ ఆసుపత్రిని సూపించి మిగతావాళ్లని తిట్టినారు తాతగారూ, ఈవిడని సూసి నేర్సుకోండని."

నేను నీళ్లు తాగాను.

అది ఎలా మొదలైందో అడిగింది. చెప్పడానికి పెద్ద కథ లేదు. కొత్త ఏర్పాటు వచ్చిన మొదటి వారమే ఎలీసమ్మ ఫోను మోగింది. ఎవరో పోయిన మనిషిని పలకరిస్తున్నారనుకొని కట్టెయ్యబోయాను. ఈలోగా ఆసుపత్రి నుంచి ఎవాంజలిన్ మాట్లాడింది. ఎవాంజలిన్ ఇప్పటి పెద్ద నర్సు. ఎలీసమ్మ చేతి కింద పని నేర్చుకున్న మనిషి, మా ఇంట్లో తిని పెరిగింది. బాబాయ్, పిన్ని ఫోను కట్టెయ్యకండి, ఆ ఫోనుకి నంబర్లు వస్తాయి, అడిగితే చెప్పండి, రోగులకు పనికొస్తుంది అంది. రోగులకు పనికొస్తుందంటే నేనెందుకు కట్టేస్తాను. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. ఒకరోజు ఎవాంజలిన్, ఒకరోజు వార్డు పిల్లలు, అప్పుడప్పుడు జెనీ. మధ్యాహ్నం భోంచేశాక నేను బయటికి పోవడం మానేశాను, ఫోను వస్తుందని.

పోయిన మనిషి పేరు జాబితాలోకి ఎలా వచ్చిందన్నది వినీత బాధ. చేరినవాళ్ల జాబితా తాను రాయలేదు, కమిటీ సెక్రటరీ సిరిల్ గారు ఇచ్చారు. ఇందులో అందరూ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లేనా అని అడిగి సంతకం కూడా పెట్టించుకుంది.

"మరి సంతకం ఎలా పెట్టినారాయన?" అంది.

ఆమెకు తెలియదు. కొండలరావు వాళ్లది వేరే ఆచారం. మా సంఘం రిజిస్టర్లో పోయినవాళ్ల పేరు కొట్టెయ్యరు. పక్కన చిన్న సిలువ గుర్తు పెడతారు, అంతే. మా నాన్న శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చిన కాలం నుంచీ అదే. ఏడాదికి ఒక ఆదివారం రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదువుతారు. ఉన్నవాళ్లు తమ పేరు రాగానే లేచి ఉన్నానంటారు. పోయినవాళ్ల పేరు వస్తే ఆ ఇంటి మనిషి లేచి ఉందనో, ఉన్నాడనో అంటాడు. నా తండ్రి పేరుకు నేను లేస్తాను. పోయినేడు ఎలీసమ్మ పేరుకూ లేచాను. ఆసుపత్రి రిజిస్టరు కూడా ఆ చేతులే రాశాయి, ఆ పద్ధతిలోనే. సిరిల్ గారు దాన్ని చూసి జాబితా కొట్టించారు. కంప్యూటర్లో సిలువ గుర్తు పడలేదు. పేరు పడింది, పెద్ద నర్సు అన్న హోదాతో సహా.

ఇదంతా నేను చెప్పేసరికి వినీత నుదురు పట్టుకుంది. జెనీ మాత్రం నన్నే చూస్తోంది.

"అంటే ఈ ఎనిమిది నెలలూ మేం అమ్మమ్మ పేరు పిలిస్తే నువ్వు లేసి ఉందన్నావు," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను ముప్పై ఆరేళ్లు రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ పని చేశాను. గేటు దగ్గర బోర్డుకు ఇత్తడి బిళ్లలు వేలాడేవి, ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. పనిలోకి వచ్చినవాడు తన బిళ్ల తాను తీసుకోవాలి. నా బిళ్ల కూడా నువ్వే తియ్యరా ఆమోసూ, కాస్త ఆలస్యమవుతుంది అని స్నేహితులు బతిమాలేవారు. ఒక్కరిదీ తియ్యలేదు. దాంతో ఇద్దరు నాతో మాటలు మానేశారు కూడా. అలాంటివాణ్ని ఇంట్లో కూర్చొని ఆరు వందల పద్నాలుగు సార్లు పెళ్లాం బిళ్ల తీసి ఎవరెవరి చేతికో ఇచ్చాను. నా మీద నాకే వచ్చిన చికాకును ఎవరి మీద పెట్టాలో తెలియక, టీ చల్లారిపోతోంది తాగండని గదిమాను.

టీ ఎవరూ ముట్టలేదు.

"గురువారం ఒంటిగంటా యాభైకి నంబరు ఎవరడిగినారు తాతగారూ?" అంది వినీత. ఫోను తిరగేసి చూసి, ఇందులో తేలదని తానే చెప్పింది. ఆసుపత్రిలో ఏ బల్ల మీంచి చేసినా ఒకే నంబరు పడుతుంది. ఎవరు మాట్లాడారో విన్నవాళ్లకే తెలుస్తుంది. విన్నది నేను.

నాకు గుర్తుంది. ఆ రోజు చేపల పులుసు. చెయ్యి కడుక్కుంటున్నాను. ఎడమ చేత్తో ఫోను ఎత్తాను. పొద్దున్న నుంచి ఇది నా నోట రాకూడదని మొక్కుకుంటున్నాను. వచ్చేసింది.

"జెనీ."

"నానా?" అంది జెనీ. "నానెప్పుడు సేసినాను తాతా?"

"'తాతా, నాను జెనీని, నంబరు సెప్పు' అన్నావు. అన్నం తిన్నావా అని కూడా అడిగినావు."

"ఆ టైముకి నాను ఎనిమిదో మంచం కాడ సెలైను మారస్తన్నాను. ఫోను ముట్టుకోలేదు."

"విన్నాను గదే."

"ఏటి విన్నావు?"

ఇద్దరమూ గొంతు పెంచలేదు. మా ఇంట్లో పెంచరు. అందుకే ఎక్కువ మంట. వినీత మధ్యలోకి వచ్చింది. మనిషిని చూశారా, గొంతు విన్నారా అని అడిగింది. ఫోన్లో మనిషి ఎలా కనపడతాడు, గొంతే అన్నాను. గొంతు పట్టి జెనీ అనుకున్నారా, జెనీ అన్న పేరు పట్టి జెనీ అనుకున్నారా అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది.

"నా మనవరాలి గొంతు నాకు తెలీదేటమ్మా?"

"ఎలీసమ్మగారి పేరు సూసి కంప్యూటరు కూడా అలాగే అనుకుంది తాతగారూ."

ఆ మాట నిజమే. కానీ విన్నది వినలేదని ఎలా అంటాను. మూడు గంటలకు కమిటీ కూర్చుంటుంది. వాళ్ల అనుమానం తెలిసిందే. జెనీ పేరుతో ఎర్ర వరస చెరగదు, కొత్త ఏర్పాటులో నర్సులకు ఆ అధికారం లేదు. ఎనిమిదో మంచం రోగి కాగితంలో ఏదో దిద్దబోయి, అమ్మమ్మ పేరుతో లోపలికి వెళ్లి, మంచం నంబరు తప్పి తొమ్మిదో మంచం ఎబినేజర్ కాగితంలో చెరిపేసిందని. ఇవాళ అది రుజువైతే ఆమె నర్సు రిజిస్ట్రేషన్ తియ్యమని పైకి రాస్తారు. ఆ తరవాత ఈ ఊళ్లోనే కాదు, ఏ ఊళ్లోనూ ఆమెను రోగి పక్కన నిలబడనివ్వరు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. వేరే పని రాదు. వేరే పని అక్కర్లేదు కూడా.

జెనీ లేచి నా దగ్గరికి వచ్చింది.

"గుర్తులేదని సెప్పు తాతా. ముసిలోడివి. నమ్ముతారు."

"గుర్తుంది," అన్నాను.

చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

వినీత కూడా లేచింది. అసలీ పేరు ఇప్పుడే తీసెయ్యాలి, కానీ జాబితాలోంచి ఏ పేరు తియ్యాలన్నా సెక్రటరీ సంతకం కావాలంది. ఆ నిబంధన ఎవరు పెట్టారమ్మా అన్నాను. నేనే అంది. అని, మొదటిసారి నవ్వబోయి, మానేసింది. ఎలీసమ్మ ఫోను మూడు గంటలకు నాతో తెమ్మంది.

మూడు గంటలకు పది నిమిషాల ముందు ఆసుపత్రి గేటు దగ్గర యంత్రం నా ఫోటో తీసింది. పేరు చెప్పాను. ఎవరిని చూడాలి అని అడిగింది. కమిటీని అన్నాను. ఆ పేరుతో రోగి లేరంది. పక్కన కాపలా ఉన్న కుర్రాడు నవ్వు ఆపుకొని, ఏదో ఒక పేరు చెప్పండి కాకా అన్నాడు. సిరిల్ గారి పేరు చెప్పాను. చొక్కాకు కాగితం ముక్క అంటించారు. లోపల మెట్ల దగ్గర ఇంకొకడు ఆ ముక్క చదివి మళ్లీ పేరడిగాడు. చూపుడువేలితో చొక్కా మీద ముక్క చూపించాను.

కమిటీ గదిలో పొడుగు బల్ల. ఆ చివర సిరిల్ గారు. డెబ్భై దాటాయి. రైల్వేలో హెడ్ క్లర్కు చేసి దిగారు, ఇప్పటికీ ప్రతి కాగితాన్ని రెండుసార్లు మడుస్తారు. ఆయన పక్కన ఎవాంజలిన్. ఈ పక్కన వినీత, కంప్యూటరు. జెనీ నాకు ఎదురుగా, బల్ల అవతల. నన్ను చూడలేదు.

వినీత పొద్దున నా దగ్గర విన్నదంతా చెప్పింది. చనిపోయినవాళ్ల పేర్లు ఎలీసమ్మదొక్కటే కాదు, వెతికితే ఇంకా నాలుగున్నాయట. ఒకాయన పోయి పదకొండేళ్లు. సిరిల్ గారు కళ్లజోడు తీసి తుడిచారు. తప్పు ఒప్పుకోలేదు, అబద్ధమూ ఆడలేదు. ఎలీసమ్మ పేరు కొట్టెయ్యడానికి తనకు చెయ్యి రాలేదన్నారు. ఈ ఆసుపత్రికి మొదటి మంచం మోసుకొచ్చింది ఆమె, ఆమెను తీసెయ్యడానికి నేనెవరిని అన్నారు. తరవాత వినీత మీదికి తిరిగారు.

"ఎవర్నీ నమ్మని ఏర్పాటు తెచ్చి పెట్టినావు. ఇంతా సేసి అది సచ్చినోళ్లని నమ్మింది."

"అది నమ్మలేదండి. మీ సంతకాన్ని నమ్మినాను, నాను. అక్కడే తప్పు సేసినాను," అంది వినీత.

సిరిల్ గారు ముందున్న కాగితాన్ని రెండుసార్లు మడిచారు.

ఎవాంజలిన్ మాత్రం ఊరుకోలేదు. ఫోను ఉంచమని బాబాయికి చెప్పింది నేనే అని ముందే ఒప్పుకుంది. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో వినమంది. కొత్త ఏర్పాటులో రోగి కాగితం దిద్దే అధికారం ఆసుపత్రి మొత్తానికి తన ఒక్కదానికే ఇచ్చారు. తాను స్నానానికి వెళ్తే ఎవరు దిద్దాలి? తనకు జ్వరమొస్తే? వినీతకు మూడుసార్లు రాసింది, ఇంకో ఇద్దరికి ఇమ్మని. చూస్తాం అని జవాబు. ఆ చూసేలోగా రోగులు ఆగరు కదా.

"మనిషి ఊపిరాడక కొట్టుకుంటంటే నువ్వెవరివని అడుగుతాది నీ కంప్యూటరు. పిన్ని పేరు సెప్తే తలుపు తీస్తాది. పిన్ని బతికుంటే తానే తియ్యమనును."

వినీత తల ఊపింది. రాసిన ఉత్తరాలు మూడూ ఉన్నాయని, తానే పక్కన పెట్టానని ఒప్పుకుంది. తలుపు మరీ బిగిస్తే జనం కిటికీ వెతుక్కుంటారని తన పైవాళ్లు ముందే చెప్పారట, తాను వినలేదట. ఈ గదిలో అందరూ మంచివాళ్లే. అందరూ కలిసి ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్లారు. అందులో నేనూ ఉన్నాను. నాకు లేచి ఇంటికి పోవాలనిపించింది.

అప్పుడు సిరిల్ గారు నా వైపు తిరిగి, గురువారం నంబరు ఎవరడిగారు అన్నారు.

జెనీ బల్ల మీద చేతులు పెట్టుకొని ఉంది. గోళ్లు కత్తిరించుకున్న చేతులు, వాళ్ల అమ్మమ్మలాగే. నేను ఆ చేతుల వైపు చూస్తూ చెప్పాను. జెనీ పేరు చెప్పారన్నాను. జెనీ గొంతులాగే ఉందన్నాను. జెనీయేనా అంటే, పొద్దున అవును అనేవాణ్ని, ఇప్పుడు ఏమనాలో తెలియడం లేదు అన్నాను. నా జన్మలో ఒకేసారి అంత పొడుగు మాట్లాడలేదు.

సిరిల్ గారికి అందులో మొదటి ముక్క చాలు. సొంత తాతే చెప్తున్నాడు, ఇంకేం కావాలి అన్నారు. కలం తీసి రాయడం మొదలుపెట్టారు. ఎవాంజలిన్ మొహం పక్కకు తిప్పుకుంది. వినీత, అది సాక్ష్యం కాదండి, వినండి అంటోంది. ఎలీసమ్మ పేరు తీసే కాగితం కూడా ఆయన ముందుకు తోసింది, ముందు దీని మీద సంతకం పెట్టండని. ఆయన ఈ వరస అవనీ అని చెయ్యి అడ్డం పెట్టారు. జెనీ ఆయన కలం వైపే చూస్తోంది. అది చూడటమే నాకు కష్టంగా ఉంది.

నా జేబులో ఫోను మోగింది. అంకెలు వచ్చినప్పటి చిన్న చప్పుడు.

సిరిల్ గారి కలం ఆగింది. ఎలీసమ్మ పేరుతో ఎవరో లోపలికి రావాలని చూస్తున్నారు. ఈ గదిలో నంబరు సంగతి తెలిసిన నలుగురి వైపూ చూశాను. వినీత చేతులు కంప్యూటరు మీంచి పైకి లేచి ఉన్నాయి, నేను కాదన్నట్టు. ఎవాంజలిన్ చేతులు ఒళ్లో ఉన్నాయి. జెనీ చేతులు బల్ల మీదే.

వెంటనే ఫోను గట్టిగా మోగింది. ఆసుపత్రి నంబరు. వినీత లేచి వచ్చి, అందరికీ వినపడేలా మీట నొక్కి నా ముందు పెట్టింది.

"తాతా, నాను జెనీని. నంబరు సెప్పు."

బల్ల అవతల జెనీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

అదే గొంతు. ఆఖర్న తాతా అని కాస్త సాగదియ్యడం కూడా అదే. జెనీ నా కళ్ల ముందు లేకపోతే ఈసరికి ఆరు అంకెలూ చదివేసి ఉందును. సిరిల్ గారు రాసిన వరస మీద సిరా ఇంకా ఆరలేదు. ఎవరమ్మా అది అని గొణిగారు. ఎవాంజలిన్ ఆయన్ని ఆపింది. వినీత కంప్యూటరు వైపు పరుగెత్తి, గాలిలో వేలు గుండ్రంగా తిప్పింది, మాట పొడిగించమని. నాతో. మాట పొడిగించమని ఈ ఊళ్లో ఇంకెవరూ దొరకనట్టు.

ఎనిమిది నెలల్లో ఆరు వందల సార్లు ఈ ఫోను ఎత్తాను. ఒక్కసారి కూడా తిరిగి ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"జెనీవైతే ఒక మాట సెప్పు. మీ అమ్మమ్మ ఆకరి రోజు నీ సేత ఏటి తెప్పించుకుంది?"

ఆ సంగతి మేమెవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు చక్కెర రోగులను మిఠాయి ముట్టొద్దని తిట్టిన మనిషి, తనకూ చక్కెర ఉండి, చివరి మధ్యాహ్నం మిష్టి దొయ్, అంటే ఇక్కడి తియ్య పెరుగు, కావాలంది. జెనీ తెచ్చింది. నేను గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాను. రెండు చెంచాలు తిని, ఈ మాట బయటికి పొక్కితే నా పరువు పోతుందని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. తెర కట్టిన గది అది. ఇంకెవరూ లేరు.

ఫోన్లో ఎక్కడో బల్ల జరిపిన చప్పుడు. వినీత కంప్యూటరు మీద వంగి ఏదో వెతుకుతోంది. జవాబు రాదనుకున్నాను. సిరిల్ గారు రాసిన కాగితాన్ని అందుకొని నాలుగు ముక్కలు చెయ్యడానికి చెయ్యి కూడా చాచాను.

"మిష్టి దొయ్," అంది గొంతు. "రెండు సెంచాలు. మట్టి కప్పుని నువ్వు సంచీలో దాసి తీస్కెల్లిపోయినావు."

నా చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది. జెనీ తల అడ్డంగా ఊపుతోంది, నేను చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు అన్నట్టు. నేనూ చెప్పలేదు. ఆ మట్టి కప్పు తెలిసినవాళ్లం ముగ్గురం. ఒకామె సమాధుల తోటలో ఉంది. మిగతా ఇద్దరం ఈ బల్లకు చెరో పక్కన ఉన్నాం.

"ఇంక నంబరు సెప్పు తాతా," అంది గొంతు. "తొమ్మిదో మంచానికి కొత్త మనిషి వచ్చినాడు. సూది టైమైపోతంది."